మారుమాట ఒప్పుకోని చోటు

ఇంగ్లీషు పర్యాయపదాల కోశమైన రోజెట్ థిసారస్‌ను మొదటి పుట నుంచి వరసగా చదివేవాళ్లు అరుదు. వెనక ఉన్న అకారాది సూచికలో అంకె చూసుకుని, ఆ పేరాలోంచి ఒక మాట తెంపుకుని పుస్తకం మూసేస్తారు. ఐఎల్టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో వ్యాసం కోసం దాన్ని పట్టిన విద్యార్థికైతే ఆ కాస్త తీరిక కూడా ఉండదు. తీరిగ్గా చదివితే మాత్రం అదొక ప్రబంధం. ఉనికి అనే భావంతో మొదలై గుడి అనే శీర్షికతో ముగుస్తుంది. మధ్యలో అమూర్త సంబంధాలు, స్థలం, పదార్థం, బుద్ధి, సంకల్పం, మనోభావాలు అని ఆరు తరగతులు. తొలి కూర్పులో మొత్తం వెయ్యి శీర్షికలు. కథ లేదు, నాయకుడు లేడు. వర్ణన తప్ప మరేమీ లేని మహాకావ్యం.

1852లో లండన్‌లో అది అచ్చయ్యేనాటికి పీటర్ మార్క్ రోజెట్‌కు 73 ఏళ్లు. వృత్తికి వైద్యుడు, ఇరవై ఏళ్లకు పైగా రాయల్ సొసైటీ కార్యదర్శి. తన రాతకు ఆసరాగా 1805లో తయారుచేసుకున్న చిన్న పట్టికే అంత దూరం పెరిగింది. తొలి కూర్పులో పుటకు రెండు నిలువు వరసలు: ఒక భావం ఇటు, దాని ఎదురు భావం అటు. ప్రేమకు సరిగ్గా ఎదురుగా ద్వేషం. రెండు వరసల మీదా ఒకేసారి చూపు నిలిపితే, ఏ మాటకైనా దాని ప్రత్యర్థి పక్కనే ఉంటే తప్ప నిండుదనం రాదని అనిపిస్తుంది. వాదప్రతివాదాలు రాయమనే పరీక్షకు ఇంతకన్నా మంచి తాలీము నాకు తెలియదు.

రోజెట్ తన ఉపోద్ఘాతంలో అమరకోశాన్ని తలుచుకున్నాడు. కోల్‌బ్రూక్ ఇంగ్లీషు చేయగా 1808లో శ్రీరాంపూర్‌లో అచ్చయిన ప్రతి ఆయన కంటబడింది. వర్గీకరణ గజిబిజి అనీ, మనోవ్యాపారాల విషయంలో మరీ అనీ పెదవి విరిచాడు. స్వర్గవర్గం వల్లెవేసిన ఇళ్లవాళ్లకు ఆ మాట కాస్త గుచ్చుకుంటుంది. అమరసింహుడు నాలుక మీద నిలవడానికి రాశాడు, రోజెట్ కంటికి కనబడడానికి. ఈ తేడా ఆయన పట్టించుకోలేదు.

సన్నదనం గురించిన మాటలు చూడండి. స్లెండర్ అనగానే మెప్పు వినిపిస్తుంది. లీన్‌లో బిగువైన కండ ఉంది. స్కిన్నీ అంటే చిన్న దెప్పు. గాంట్ దగ్గరకొచ్చేసరికి లోతుకుపోయిన కళ్లు, జబ్బో ఆకలో కనిపిస్తాయి. ఎమేసియేటెడ్ అంటే ఇక ఆస్పత్రి మంచమే. ఒకే శరీరం మీద వాలిన అయిదు వేర్వేరు చూపులివి. పర్యాయపదాలని మనం గంపగుత్తగా పిలిచేవి నిజానికి పర్యాయాలు కావు. విద్యార్థి వీటిని ఒకదాని బదులు ఒకటి వేసి రెండొందల యాభై మాటలూ పూర్తిచేస్తాడు. పరీక్షకుడు అతని పదసంపదకు నాలుగో వంతు మార్కులు కేటాయించుకుని కూర్చుంటాడు. అయితే పరీక్షకుడు వెతికేది అరుదైన మాటను కాదు, చోటు తప్పని మాటను. ప్రతి పేరాలోనూ ప్లెథోరా లాంటి బరువైన మాటే కనిపిస్తే ఆయనకు ముచ్చటేం వేస్తుంది?

ఈ సంగతి మన ఆలంకారికులు ఎంత సొగసుగా చెప్పారు! మాటను తీసి మరో మాట పెట్టనివ్వని స్థితి వస్తే దాన్ని వామనుడు శబ్దపాకం అన్నాడు. ఓరుగల్లులో ప్రతాపరుద్రుడి కొలువులో ఉండి ప్రతాపరుద్రీయం రాసిన విద్యానాథుడు పదాల మధ్య మైత్రిని శయ్య అన్నాడు. ఇంగ్లీషులో టీ స్ట్రాంగ్‌గా ఉంటుంది, వాన హెవీగా పడుతుంది. తారుమారు చేస్తే అర్థం చెడదు, మైత్రి చెడుతుంది. కొలొకేషన్ అని కోచింగ్ సెంటర్లు పట్టికలు కట్టి అప్పజెప్పించేది ఈ శయ్యనే, రసం పిండేసి.

రోజెట్‌లో నాకు మరీ ఇష్టమైనది ఇంకొకటి. ప్రతి శీర్షిక కిందా ముందు నామవాచకాలు, తర్వాత క్రియలు, ఆపైన విశేషణాలు, క్రియావిశేషణాలు. అంటే పదకోశం కడుపులోనే వ్యాకరణం ఉంది. పొల్యూట్ అనే క్రియతో రాస్తే వాక్యంలోకి ఒక కర్త వచ్చి నిలబడతాడు, ఫ్యాక్టరీయో మనిషో. పొల్యూషన్ అనే నామానికి మారగానే కర్త తప్పుకుంటాడు, నేరం గాలిలో కలుస్తుంది. వ్యాసానికి ఏది కావాలో నిర్ణయించుకోవడమే శైలి. ఆ నిర్ణయం తీసుకోకుండా నేర్చుకున్న కాంప్లెక్స్ సెంటెన్సులు ఎన్ని ఉన్నా దండగే.

అయితే ఒక చోట ఈ పుస్తకం చెయ్యి వదిలేస్తుంది. పక్కపక్కనే ఉన్న మాటలు వాక్యంలో ఒకేలా నడవవని చెప్పదు. టాక్ వెంట అబౌట్ వస్తుంది, డిస్కస్ దాన్ని దగ్గరకు రానివ్వదు; మన పిల్లలు డిస్కస్ అబౌట్ అని రాసేది అక్కడే. అర్థాలు చెప్పడం రోజెట్ పెట్టుకున్న పనే కాదు. మాటల నడక చూపించని ఆ లోటు తీర్చినవాడు జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ఎ. ఎస్. హార్న్‌బీ. సహచరులతో కలిసి ఆయన కట్టిన నిఘంటువు 1942లో టోక్యోలో వెలువడింది. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 1948లో తమ పేరు మీద వేసుకున్నారు. ఇవాళ విద్యార్థుల బల్లల మీద కనిపించే అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ దాని సంతానమే. క్రియ క్రియకూ దాని నడక ఏమిటో అందులో గుర్తులతో చూపించాడు. సజెస్ట్ అన్న తర్వాత మనిషిని పెట్టి టు తగిలించకూడదు, దట్ పెట్టాలి, లేదా ఐఎన్‌జీ రూపం వెయ్యాలి. అడ్వైజ్ అంటే మనిషి, టు రెండూ దర్జాగా వస్తాయి. రోజెట్ ఈ రెండు క్రియలనూ ఇరుగుపొరుగుగా చూస్తే, హార్న్‌బీ వాటి మధ్య గోడ ఎక్కడుందో చూపిస్తాడు. వెనకటివాడి చూపు విశాలం, ఈయనది నిశితం. వ్యాసం దిద్దుకునేటప్పుడు నేనైతే ముందు రోజెట్‌నే తెరవమంటాను, తెంపుకున్న మాటను హార్న్‌బీకి చూపించకుండా మాత్రం వాక్యంలో పెట్టనివ్వను.