చిట్టిబాబు జలయంత్రం

విమర్శ అంటే పుస్తకాన్నే విమర్శించాలని ఎక్కడా రాసిపెట్టి లేదు కదా. అందుకని ఈ వారం నేనొక యంత్రాన్ని విమర్శకు పెట్టుకున్నాను. పిల్లులు మంచినీళ్లు తాగడానికి కరెంటు మీద నడిచే ఫౌంటెన్ అది. నవ్వకండి. మొదట నేనూ నవ్వినదాన్నే.

"పిల్లికి దాహం వేస్తే అదే తాగుతుంది, మధ్యలో యంత్రమెందుకు?" అని మీరనవచ్చు. చిక్కంతా అక్కడే ఉందండీ. మన ఇళ్లలో తిరిగే పిల్లికి మూలపురుషుడు ఎడారి పక్కల బతికిన ఆఫ్రికా అడవిపిల్లి. వేటాడిన ఎలకలోనూ పిట్టలోనూ ఉన్న తడితోనే చాలామటుకు గడుపుకొచ్చిన వంశం. దానికి దాహం అంత తొందరగా తెలియదు. ఒంట్లో నీరు తగ్గితే మూత్రాన్ని చిక్కబరుచుకుని సర్దుకుపోతుంది. అలాంటి వంశాంకురాన్ని తెచ్చుకుని మనం డబ్బాలోంచి గలగలమంటూ ఎండు గింజలు పోస్తున్నాం. ఎలక ఒంట్లో మూడింట రెండు వంతులు నీరే. ఈ గింజల్లో నూటికి పది పాళ్లకు మించదు.

మా చిట్టిబాబు ఏడేళ్ల మగపిల్లి. కిందటి వేసవిలో ఒకరోజు ఇసుక తొట్టెలో కూర్చోవడం, ముక్కడం, లేవడం, మళ్లీ కూర్చోవడం. మలబద్ధకం కాబోలని నేను ఆముదం సీసా కోసం వెతుకుతున్నాను. మా అత్తగారు మంచం మీంచే చూసి, "అది కాదే అమ్మాయ్, పొద్దుటినించీ చుక్క రాలేదు వాడికి. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు" అని కసిరారు. ఆవిడ కసరబట్టి వాడు బతికాడు. మగపిల్లికి మూత్రనాళం మహా సన్నం. ఇసుకలాంటి పలుకులూ జిగురూ చేరి అందులో అడ్డం పడితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. పశువుల డాక్టరుగారు మత్తిచ్చి, గొట్టం వేసి, మూడు రోజులు తన దగ్గరే ఉంచుకున్నారు. పంపేటప్పుడు ఒకటే మాట అన్నారు: "నీళ్లు బాగా తాగించండమ్మా."

తాగమంటే తాగడానికి వాడేమైనా మావారా? ఈ సంగతి ఫోనులో విని హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి ఈ యంత్రం పంపించాడు.

ఇక గుణదోషాలు. రెండు లీటర్ల తొట్టి. అడుగున అగ్గిపెట్టంత మోటారు. పైన మూతకి ఒక ప్లాస్టిక్ పువ్వు. మోటారు తోడిన నీరు పువ్వులోంచి పొంగి, మూత మీద పరుచుకుని, స్పాంజీ, బొగ్గూ ఉన్న వడపోత గుండా మళ్లీ తొట్టిలోకే దిగుతుంది. కరెంటు రెండు వాట్లేనట. అంటే ఇరవై రోజులు ఆపకుండా నడిస్తే ఒక యూనిట్టు. పొదుపుకి పేరు పెట్టలేం. ధారలో మంచి ప్రవాహముంది, చూడ్డానికి ప్రసాదగుణమూ ఉంది. తిరిగిన నీళ్లే తిరుగుతుంటాయి కనక పునరుక్తి దోషం ఉన్నా, వడపోత ఉందిగా అని క్షమించవచ్చు. కావ్యానికి ధ్వనే ఆత్మ అని ఆనందవర్ధనుడు తొమ్మిదో శతాబ్దంలోనే చెప్పాడు. ఇందులో మాత్రం తొట్టిలో నీళ్లు తగ్గేసరికి మోటారు చేసే ధ్వనికి అర్ధరాత్రి మన ఆత్మే లేచి కూర్చుంటుంది.

అసలు తీర్పు చెప్పవలసిన రసికుడు చిట్టిబాబు. మొదటిరోజు మంచం కిందికి దూరాడు. రెండోరోజు పువ్వుని పంజాతో కొట్టాడు. మూడోరోజు తాగాడు! పిల్లి తాగడం చూడముచ్చటగా ఉంటుంది. నాలుకతో తోడుకోదు. నాలుక కొస నీటికి ఆనీ ఆననట్టు తాకించి చటుక్కున పైకి లాగితే, దాని వెంట సన్నని నీటి తీగ లేస్తుంది. అది తెగి పడేలోగా నోరు మూస్తుంది. సెకనుకి ఇంచుమించు నాలుగుసార్లు ఇలా చేస్తుందని 2010లో అమెరికాలో శాస్త్రజ్ఞులు వేగంగా తీసే కెమెరా పెట్టి మరీ తేల్చారు.

నేనూ ఒక నోటుపుస్తకం పెట్టాను. మామూలు గిన్నెతో రోజుకి 120 మిల్లీలీటర్లు ఖర్చయ్యేవి. ఫౌంటెన్‌తో 190 అయ్యాయి. సంతోషం పట్టలేక అబ్బాయికి ఫోను చెయ్యబోతుంటే అత్తగారు అడ్డం పడ్డారు: "తాగింది పిల్లా, ఎండా?"

బెజవాడ ఎండ సంగతి నాకు తట్టనేలేదు! చిట్టిబాబుని మళ్లీ పరీక్షకని ఒక రోజంతా డాక్టరు దగ్గర ఉంచినప్పుడు ఫౌంటెన్ తిప్పి వదిలాను, పక్కన గిన్నె కూడా పెట్టాను. తాగే నాథుడు లేకుండానే గిన్నెలో 15, ఫౌంటెన్‌లో 60 మాయమయ్యాయి. పొంగుతూ పరుచుకునే నీరు మరి ఎక్కువ ఆవిరవదూ? లెక్క సరిచేస్తే చిట్టిబాబు అదనంగా తాగింది 25 మిల్లీలీటర్లు. అయిదు చెంచాలు! ప్రవాహమంటే ఇష్టపడే పిల్లులున్నాయి, నిలకడ నీళ్లే కోరే పిల్లులూ ఉన్నాయి. పెట్టెమీద బొమ్మలో నవ్వే పిల్లి ఏ జాతిదో మనకెలా తెలుస్తుంది?

వారం తిరిగాక విప్పి చూద్దును కదా, మోటారుకి జుట్టు చుట్టుకుంది, అడుగున పాకుడు, మా బోరునీళ్ల తెల్లటి సున్నం. వారానికోసారి విప్పి తోమాలని పెట్టెమీద చీమతలంత అక్షరాల్లో ఉంది. కరెంటు పోతే ఇంకో తమాషా. నీళ్లన్నీ మూతకిందికి దిగిపోతాయి, పైన చుక్క ఉండదు. అందుకని ఫౌంటెన్ పక్కన గిన్నె ఉండి తీరాలి.

చివరికి డాక్టరుగారి సలహా మీద మేం చేసింది ఇది. ఎండు గింజలు తగ్గించి, ఉప్పూ కారం లేకుండా చేపముక్క ఉడకబెట్టి, డాక్టరుగారు చెప్పిన తడి మేతలో కలిపి, ఉడికిన నీళ్లు పూటకి 50 మిల్లీలీటర్లు పోసి పులుసులా పెడుతున్నాం. గిన్నె అడుగుదాకా నాకేస్తాడు. యంత్రం రోజంతా తిరిగి చెయ్యలేనిది రెండు పూటల పులుసు చేసింది. వాడి తాతముత్తాతలు నీళ్లు తాగలేదండీ, తిన్నారు! యంత్రం చేసినవాళ్లు మరిచిపోయిన ఔచిత్యం ఇదే. దాహం లేనివాడికి ధార ఎంత అందంగా ఉంటేనేం?

అలాగని దాన్ని అటకెక్కించలేదు. అయిదు చెంచాలైనా అయిదు చెంచాలే. కొనవచ్చా అని అడిగితే, వారం వారం తోమే ఓపిక ఉంటే కొనండి, లేకపోతే వెడల్పాటి గిన్నెలు మూడు గదుల్లో మూడు పెట్టి పూటపూటా నీళ్లు మార్చండి. ఏది పెట్టినా రోజూ ఒకసారి ఇసుక తొట్టె చూడండి. ఆ రోజు చిట్టిబాబుని కాపాడింది యంత్రం కాదు, చుక్క రాలేదని కనిపెట్టిన ముసలికళ్లు.

నోటుపుస్తకం ఇప్పుడు అత్తగారి తలగడ కింద ఉంటోంది. ఎన్నిసార్లు తడిపాడో ఆవిడే గీతలు పెడతారు. ఇప్పటికి పది నెలలు. గీత పడని రోజు లేదు.