చూరు కింద వాన

కరెంటు తీగ అక్కర్లేని, నల్లా పైపు అక్కర్లేని చిన్న ఇల్లొకటి కట్టుకోవాలని మా మిత్రుడి కోరిక. ములుగు అవతల కొంత జాగ చూసుకున్నాడు. ఫోన్‌లో బొమ్మలు కూడా సిద్ధం: అద్దాల గోడలు, ఇనుప చట్రం, నున్నటి దేవదారు చెక్క. చూడముచ్చటగానే ఉన్నాయి గానీ, ఆ అద్దాల పెట్టెలో ఓరుగల్లు వైశాఖాన్ని ఊహించుకుంటేనే నాకు ఒళ్లు చెమర్చింది. ఆ మాట అనేలోపు తాడ్వాయి అడవి మీద మబ్బు కమ్మింది. బండి దారి పక్కన పెట్టి, దగ్గర్లో కనబడిన కోయగూడెం వైపు పరుగెత్తాం.

“వంగి రా బిడ్డా, చూరు తగుల్తది” అంది లోపలినుంచి ఒక అవ్వ.

వంగాను. ఎవడికీ వంగననుకునే మెడ కూడా ఆ గడప దగ్గర దానంతటదే వంగుతుంది. లోపల ముందుగా కళ్లకు ఏమీ కనబడలేదు. ముక్కుకు మాత్రం అన్నీ ఒక్కసారే అందాయి: తడిసిన ఎర్రమన్ను, ఆరీ ఆరని పొయ్యి, ఎండబెట్టిన ఇప్పపూల తీయని మత్తు. తర్వాత మెల్లగా, పాలల్లో తోడు కలిసినట్టు, చీకట్లో వెలుగు కలిసింది. తడిక సందుల్లోంచి వచ్చిన సన్నని గీతలు నేలమీద పడుకున్నాయి. అప్పుడు విన్నాను, అయ్యా, అప్పుడు విన్నాను ఆ నిశ్శబ్దాన్ని! బయట కుండపోత. రేకుల ఇంట్లో అయితే పక్కవాడి మాట కూడా వినబడదు. ఇక్కడ గడ్డికప్పు ఆ వాననంతా తన ఒంట్లోకి తీసుకుని, మనకు ఒక గుసగుస మాత్రం వదిలింది. నిద్రపోతున్న బిడ్డ ముందు తల్లులు మాట్లాడుకునే గొంతు అది. ఎంత మెత్తని వాన! ఎంత దయగల కప్పు!

తలెత్తి చూశాను. నడిమధ్య నిట్టాడు, దానిమీద నడికొప్పు, అటూ ఇటూ జారిన వాసాలు, వాటిని అల్లుకున్న కంకబద్దలు, వాటిమీద మందంగా గడ్డి. ఏళ్ల తరబడి పొయ్యి పొగ తగిలి ఆ బొంగులన్నీ కాటుక పెట్టుకున్న కళ్లలా నిగనిగలాడుతున్నాయి. ఈ ఇంటికి పొగగొట్టం లేదు. పొగ పైకెళ్లి గడ్డిలో దారి వెతుక్కుంటుంది, వెతుక్కుంటూ పురుగుల్ని తరుముతుంది. బొంగును అమావాస్య రోజుల్లో కొడితేనే పుచ్చదని అవ్వ చెప్పింది. చెట్టుకు ఇంత మర్యాద ఇచ్చి కట్టిన కప్పు కింద కూర్చుంటే మనకూ కాస్త మర్యాద అబ్బుతుంది.

గోడ సంగతి. కంక తడికకు రెండు వైపులా మెత్తిన మట్టి. దానిమీద పేడతో అలికిన అలుకు. దగ్గరికి వెళ్లి చూస్తే అరచేయి తిరిగిన ప్రతి వంపూ కనబడుతుంది, సగం సగం చంద్రవంకలు ఒకదాని భుజమ్మీద ఒకటి. ఒక మూల వంపులు చిన్నవి. “మనుమరాలు అలికింది” అంది అవ్వ. సంతకం చేసిన గోడ! నేను వేలు పెట్టి ఆ చిన్న వంపులో తిప్పాను. చల్లగా ఉంది.

మట్టిని తక్కువ చేసి చూసే హక్కు ఓరుగల్లు వాడికి లేదు. మన రాతికోట చుట్టూ మట్టికోట ఉంది. 1309-10లో ఢిల్లీ నుంచి దండెత్తి వచ్చిన మాలిక్ కాఫుర్ సేనలు దాని ముందే విడిది చేయాల్సి వచ్చింది. ఆ దండయాత్ర కథ రాసిన అమీర్ ఖుస్రో కూడా ఆ మట్టిగోడ గట్టిదనాన్ని చెప్పకుండా ఉండలేకపోయాడు. మట్టికి మన దగ్గర అంత చరిత్ర ఉంది.

ఇంకో మాట కూడా అక్కడే తోచింది. ఇక్కడికి ఎంతో దూరం లేని పాలంపేటలో, 1213లో రేచర్ల రుద్రుడు నిలిపిన రామప్ప గుడి శిఖరం నీళ్లమీద తేలే ఇటుకలతో కట్టింది. కింద ఇసుక నింపిన పునాది, నడుమ రాయి, నెత్తిన తేలిక. 2021లో లోకమంతా దాన్ని వారసత్వమని ఒప్పుకుంది. ఆ పేరులేని ఇటుకల మేస్త్రికీ, ఈ గడ్డి కప్పినవాడికీ ఒకటే తెలుసు: నెత్తిన బరువు పెట్టకూడదు. రామప్ప నాట్యగత్తెల నడుముల్ని చూసి మైమరచిన కళ్లు ఒకసారి ఈ చూరు వంపునూ చూడాలి. వాన జారే వేగానికి ఎంత వాలు కావాలో అంతే వాలు, గోడ తడవకుండా ఎంత కిందికి దిగాలో అంతే దిగుడు. ఒక్క మూర ఎక్కువ లేదు, ఒక్క మూర తక్కువ లేదు. ఆహా, ఇది కదా నడుము!

మూలన గుమ్మిలో వడ్లు. చూరు పక్కనుంచి కప్పెక్కిన సొరతీగ. దండెం పక్కన ఒక చిన్న సోలార్ లైటు, దానికే వేలాడుతున్న ఫోను. ఇంత చిన్న ఇల్లు చూస్తే ఇంకో ఇల్లు గుర్తొచ్చింది: 1845లో అమెరికాలో థోరో అనే ఆయన వాల్డెన్ చెరువు ఒడ్డున పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు గది కట్టుకుని, 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లయిందని లెక్క రాసుకున్నాడు. ఆయన రెండేళ్ల పైచిలుకు ఉండి వెళ్లిపోయాడు. అవ్వ లెక్కా రాయలేదు, వెళ్లిపోనూ లేదు.

మరీ మురిసిపోతున్నానేమో. ఒక మూల చినుకు పడుతోంది, దాని కింద సత్తుగిన్నె పెట్టి ఉంది. “గడ్డి మార్చాలె. మార్చేటోళ్లేరి? పిల్లలు స్లాబే కావాలంటున్నరు” అంది అవ్వ. పొగకు ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను కాటుక కళ్లనుకున్న ఆ బొంగుల నలుపుకి ఈ కళ్లు కట్టిన వెల ఎంతో! మా మిత్రుడు ఫోను జేబులో పెట్టుకుని నిట్టాడు చుట్టూ జానలతో కొలుస్తున్నాడు. పొయ్యికి మాత్రం గొట్టం పెడదామన్నాడు. అది మంచి మాటే.

వాన వెలిసింది. చూరు మాత్రం వెలవలేదు. గడ్డి కొసల నుంచి టీడికాక్షన్ రంగు బొట్లు వరసగా వేలాడుతున్నాయి, ఒక్కో బొట్టులో తలకిందులైన మద్దిచెట్టు. ముంగిట నేలమీద ఆ బొట్లే తవ్వుకున్న చిన్న చిన్న గుంటలు, ముగ్గుకు పెట్టిన చుక్కల్లా ఒకే వరస.

ఆ చుక్కల్ని చూస్తూ బయటికి నడిచి, వంగడం మరిచాను. చూరు నీళ్లన్నీ మెడలోంచి వీపు మీదికి! వెనకనుంచి అవ్వ పకపకా నవ్వు.

“చెప్తినా బిడ్డా!”