మతమనశ్శాస్త్రము: ప్రాట్టు పండితుని పరిశోధనము

భక్తిని గూర్చిన శాస్త్రగ్రంథములకు మన దేశమున కొఱత లేదు. నారదుని పేర వెలసిన సూత్రములు ఆసక్తిని పదునొకండు విధములుగా విభజించినవి. భాగవత సప్తమస్కంధమున ప్రహ్లాదుడు శ్రవణము మొదలుకొని ఆత్మనివేదనము వఱకు తొమ్మిది మార్గములను జెప్పెను. పదునాఱవ శతాబ్దమున రూపగోస్వామి తన భక్తిరసామృతసింధువునందు విధివలన ప్రవర్తించు భక్తికిని, రాగమువలన ప్రవర్తించు భక్తికిని గల భేదమును నిరూపించెను. ఇట్టి సంపద గలవారికి పాశ్చాత్యుల మతమనశ్శాస్త్రముతో నేమి పని యని పండితులు కొందఱు శంకింతురు. ఆ శంక త్రోసివేయదగినది కాదు. దానికి సమాధానము సామాన్యవాక్యములచే జెప్పుటకంటె, ఆ శాస్త్రమునందు జీవితమంతయు గడపిన యొక పండితుని కృషిని పరిశీలించి, అందు మనకు గ్రాహ్యమేదియో త్యాజ్యమేదియో నిర్ణయించుట మేలు. ఆ పండితుడు అమెరికాదేశీయుడగు జేమ్సు బిస్సెట్టు ప్రాట్టు.

ఈ శాస్త్రము అమెరికాయందు పందొమ్మిదవ శతాబ్దాంతమున రూపుగట్టినది. క్లార్కు విశ్వవిద్యాలయమున స్టాన్లీ హాలు శిక్షణమందు ల్యూబా, స్టార్బక్కు అను నిరువురు మతానుభవమును ప్రశ్నపత్రికలచే బరిశోధించిరి. స్టార్బక్కు గ్రంథము 1899లో వెలువడగా, హార్వర్డు ఆచార్యుడు విలియం జేమ్సు దానికి పీఠిక వ్రాసెను. జేమ్సే 1901, 1902 సంవత్సరములలో ఎడింబరో నగరమున నిరువది యుపన్యాసములు గావించి, వానిని 1902లో "మతానుభవ వైవిధ్యములు" అను నర్థము గల పేరుతో బ్రకటించెను. వివేకానందస్వామి రాజయోగగ్రంథమునుండి యందు ఉదాహరణములు గైకొనబడుట మనకు గమనింపదగిన విషయము.

ప్రాట్టు ఆ జేమ్సునకు శిష్యుడు. ఇతడు 1875లో న్యూయార్కు రాష్ట్రమందలి ఎల్మైరా పట్టణమున జన్మించి, విలియమ్సు కళాశాలలో జదివి, 1905లో హార్వర్డునందు డాక్టరు పట్టము బడసెను. ఆ సంవత్సరముననే విలియమ్సు కళాశాలయందు దత్త్వశాస్త్రోపాధ్యాయుడై 1943 వఱకు నచటనే బోధించి, 1944లో గాలధర్మము నొందెను.

ఇతని తొలిగ్రంథము 1907 నాటి "మతవిశ్వాస మనస్తత్త్వము". విశ్వాసమునకు మూలములు మూడని యందు బ్రతిపాదించెను: విన్నదానిని విన్నట్లు నమ్ము సహజవిశ్వాసము మొదటిది, యుక్తిచే గుదుర్చుకొన్నది రెండవది, హృదయానుభూతినుండి పుట్టినది మూడవది. వేదకాలపు భారతదేశమును, ఇశ్రాయేలీయుల చరిత్రమును, క్రైస్తవమును ఈ త్రివిభాగముతో బరిశీలించి, మూడవదియే మతమునకు బ్రాణమని తేల్చెను. తన కాలమువారి విశ్వాసము నెఱుగుటకు బ్రశ్నపత్రికను బంపెను. 1904లో దానికి స్వయముగా జేమ్సే ప్రత్యుత్తరము లిచ్చెను. ప్రార్థనను గూర్చి యంత వ్రాసిన జేమ్సు తాను మాత్రము ప్రార్థింపజాలనని యందు నిష్కపటముగ దెలిపినాడు. ఒక శాస్త్రకారుని శాస్త్రమునకును స్వానుభవమునకును నడుమ నెంత దూరముండునో దీనివలన దెలియుచున్నది. ఆ దూరము దోషమని యనరాదు గాని, అది యున్నదని యెఱిగి గ్రంథమును జదువుట పాఠకునకు బ్రయోజనకరము.

గురుభక్తి ప్రాట్టును గురుమతమునకు బద్ధుని జేయలేదు. 1909లో నితడు జేమ్సు యొక్క ప్రయోజనవాదమును ఖండించుచు నొక గ్రంథము వ్రాసెను. 1920లో శాంతాయన, లవ్‌జాయి మొదలగు మఱి యార్గురితో గూడి విమర్శక వాస్తవవాదమును బ్రతిపాదించు వ్యాససంపుటమున బాల్గొనెను. మతవిషయమునను నిట్లే. జేమ్సు తీవ్రానుభవముల నేఱి చూపినాడు. మూర్ఛలు, దర్శనములు, ఆకస్మిక మనఃపరివర్తనములు ఆతని గ్రంథమున నిండియున్నవి. ప్రాట్టు వానితో సమముగ, ప్రశాంతమై, సామాన్యగృహస్థునకును లభ్యమగు మృదువైన యనుభవమునకు బ్రత్యేకప్రకరణము గేటాయించెను. ఆకస్మికపరివర్తనపు కథలు పెక్కులు ఒకే మూసలో బోసినట్లుండుటకు గారణము ఆ సంఘమువారు అట్టి యనుభవమునే యెదురుచూడుమని బాల్యమునుండి బోధింపబడుటయే యని విమర్శించెను. ఇది సూక్ష్మదృష్టి. సాక్ష్యము సత్యమైనను, సాక్షి వాడిన భాష యెవరు నేర్పినదో విచారింపవలెనని దీని తాత్పర్యము.

1913, 1914 సంవత్సరములలో ప్రాట్టు భారతదేశమున సంచరించెను. ఆ సంచారఫలము 1915లో వెలువడిన "భారతదేశము, దాని మతములు" అను గ్రంథము. దానికి యాత్రికుని దినచర్య యని యర్థమిచ్చు నుపనామము నుంచుటలోనే యాతని వినయము గనబడుచున్నది. కొన్ని మాసముల సంచారమున నింతటి దేశపు మతముల లోతు దెలియదు. అయినను, దోషములు వెదకుటకు గాక గ్రహించుటకై వచ్చిన విదేశీయులలో నితని నెన్నవచ్చును. తరువాత ఆసియాఖండమున మఱల దిరిగి, బౌద్ధదేశములను జూచి, 1928లో బౌద్ధమును గూర్చిన బృహద్గ్రంథమును బ్రకటించెను. ప్రశ్నపత్రికనుండి ప్రత్యక్షదర్శనమునకు సాగిన యీ మార్పే యాతని పరిశోధనమందలి యభివృద్ధి.

ఇతని ప్రధానగ్రంథము 1920 నాటి "మతచైతన్యము". అందు నారాధనము రెండు విధములుగా విభజింపబడినది. ఆరాధ్యునకు నివేదించుట, ఆతనితో సంబంధము నెఱపుట యుద్దేశముగా గలది వస్తుపరము. ఆరాధకుని మనస్సున నొక భావమును గలిగించుట యుద్దేశముగా గలది ఆత్మపరము. కాథలిక్కుల పూజయు, హిందువుల యాలయార్చనయు మొదటి కోవకు జెందునని, ప్రొటెస్టెంటుల సభలు రెండవదానివైపు మొగ్గినవని ప్రాట్టు మతము. ఈ విభాగమునుండి యాతడు సాధించిన సిద్ధాంతము మిక్కిలి విలువ గలది. ప్రార్థనవలన మనస్సునకు శాంతి కలుగును. కాని శాంతికొఱకే ప్రార్థింతునని బుద్ధిపూర్వకముగ గూర్చున్నవానికి ఆ శాంతి చిక్కదు. ప్రార్థన తనకంటె నన్యుడగు నొకని జేరుచున్నదను నమ్మకమే దాని యాంతరఫలమునకు మూలము.

ఈ సిద్ధాంతమును మన యాచారముతో బోల్చి పరీక్షింతము. వినాయకచవితినాడు మట్టిప్రతిమకు బ్రాణప్రతిష్ఠ చేసి, షోడశోపచారములు సమర్పించి, పిదప నుద్వాసన చెప్పుదుము. ఇది వస్తుపరమే. కాని ఆగమోక్తమగు పూజలో నర్చకుడు ముందుగ న్యాసములచే దన యవయవములందు దేవతను నిలుపుకొనును. మానసపూజ గావించి పిమ్మట బాహ్యపూజకు దొరకొనును. ఒకే క్రతువులో నాత్మపరము ముందును, వస్తుపరము వెనుకను నిలిచినవి. కావున ప్రాట్టు జాతులనడుమ గీచిన రేఖ నిజముగ నొకే పూజయొక్క యంగములనడుమ గీయదగినది. ఆలయమును వెలుపలినుండి చూచినవానికి ఉపచారములు కనబడును, న్యాసము కనబడదు.

దీనికంటె గఠినమైన పరీక్ష జైనులది. తీర్థంకరులు ముక్తులు, వారు భక్తుని మొఱ నాలకింపరు, వరము లీయరు అని జైనసిద్ధాంతము. అయినను జైనులు వారి ప్రతిమల కభిషేకము చేయుదురు, స్తోత్రములు పఠింతురు. ఫలము తమ కర్మక్షయమేనని చెప్పుదురు. వినువాడున్నాడను నమ్మకము లేనిదే యాంతరఫలము లేదనినచో నీ పూజ యెన్నడో నశింపవలసినది. అది నశింపలేదు. కాబట్టి సిద్ధాంతమును సవరింపవలెను: కావలసినది వినువాడు కాడు, ఆరాధకుని చిత్తవృత్తికంటె వేఱై సత్యమని నమ్మబడిన యొక వస్తువు. జినుడు వినకపోయినను, ఆతడు పొందిన కైవల్యము జైనునకు గల్పన గాదు, సత్యము. ఈ సవరణచే ప్రాట్టు మూలాభిప్రాయము చెడదు; బలపడును.

ఇపుడు మన యాలంకారికుల వివాదమొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. దేవతావిషయకమగు రతి రసము గాదు, భావమేయని మమ్మటుడు శాసించెను. రూపగోస్వామియు, మధుసూదనసరస్వతియు భక్తికి రసత్వము సాధించిరి. ఈ వాదమును కేవలము సంఖ్యావివాదముగ జూచువారు కలరు. ప్రాట్టు సిద్ధాంతము దీనికొక క్రొత్తవెలుగు నిచ్చుచున్నది. నాటకము చూచు సహృదయునకు ఎదుటనున్నవాడు నిజముగ రాముడా యను ప్రశ్న పుట్టదు, పుట్టినచో రసభంగము. భక్తునకు ఆ ప్రశ్నయే ప్రాణము. రాముడు లేడనినచో భక్తి నిలువదు. ఒకదానియందు సత్యాసత్యవిచారము నణగియుండుట, వేఱొకదానియందు సత్యనిశ్చయము మూలమగుట ఈ రెంటికిని గల భేదము. కావ్యరసలక్షణమును భక్తికి యథాతథముగ బట్టించుట కష్టమని మమ్మటుని పక్షమున నిట్లు వాదింపవచ్చును. భక్తిని రసమనువారు ఈ యాక్షేపమునకు సమాధానము చెప్పక తప్పదు.

మతమును మనోధర్మముగ వివరించుట దైవమును లేదనుటయే యని కొందఱు భయపడుదురు. ఆ భయమునకు గారణము లేకపోలేదు. ల్యూబా 1925 నాటి తన గ్రంథమున యోగుల యనుభవములను శరీరధర్మములుగా వివరించి, వానికి దైవము నపేక్షింపలేదు. ప్రాట్టు అట్లు చేయలేదు. అనుభవమెట్లు పుట్టునో చెప్పుట శాస్త్రము పని. దాని విషయము సత్యమా కాదా యనుట యా శాస్త్రమునకు బైవిషయమని యాతని నిర్ణయము. కంటి నిర్మాణము దెలిసినంతమాత్రమున సూర్యుడు లేడని తేలదు, ఉన్నాడనియు దేలదు. ఈ మితభాషిత్వమే యాతని గ్రంథములకు గౌరవము దెచ్చినది.

ప్రాట్టు జీవితకాలముననే బాహ్యచేష్టావాదము ప్రబలుటచే నమెరికాలో నీ శాస్త్రము వెనుకబడినది. 1950లో ఆల్‌పోర్టు రచించిన "వ్యక్తి, అతని మతము" దాని పునరుద్ధరణమునకు దోడ్పడినది. మన విద్వాంసు లీ చరిత్రనుండి గ్రహింపవలసినది పరిభాష గాదు. నవవిధభక్తులును, ఏకాదశాసక్తులును మహాభక్తుల చరిత్రములనుండి యేర్పడిన విభాగములు. పొలమున బనిచేయు రైతు, భజనగోష్ఠిలో దాళము వేయు వృద్ధుడు, తులసికోటకు బ్రదక్షిణము చేయు గృహిణి ఆ విభాగములలో నెచట నిలుతురో మన శాస్త్రకారులు విచారింపలేదు. వారిని వారి మాటలలోనే యడిగి వ్రాసికొనుట, ఆ మాటలు పురాణశ్రవణమువలన నబ్బినవా, స్వానుభవమునుండి వచ్చినవా యని వివేచించుట మన పని. ఆ పనికి ప్రాట్టు పద్ధతి యుపకరించును. వర్గీకరణమునకు మాత్రము మన శాస్త్రములే యెక్కువ సూక్ష్మములు.