పిస్టనా, గ్యాస్ గొట్టమా?

సెమీ ఆటోమేటిక్ వేట రైఫిల్ కొనేవాళ్లలో చాలామంది దాన్ని సైన్యం కొలమానంతో కొలుస్తారు. వేల తూటాలు ఆగకుండా పేలిందా, బురదలో పొర్లించినా పనిచేసిందా అని అడుగుతారు. వేటగాడు రోజంతా తిరిగి పేల్చేది ఒకటో రెండో. మొదటి తూటా గురిపెట్టిన చోట పడాలి, రెండోది తడబడకుండా చాంబర్లోకి ఎక్కాలి. అతనికి కావలసింది ఇదే. ఈ లెక్కన రెండు పద్ధతుల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి యూజీన్ స్టోనర్ 1950ల్లో ఆర్మలైట్ సంస్థలో రూపొందించిన ఏఆర్-10ది. రెండోది 1967లో వచ్చిన బ్రౌనింగ్ బార్ వేట రైఫిల్‌ది. (మొదటి ప్రపంచ యుద్ధం నాటి సైనిక బార్ నుంచి దీనికి పేరు మాత్రమే వచ్చింది, యంత్రం వేరు.)

మూలసూత్రం రెండింటికీ ఒకటే. తూటాను తోసే గ్యాస్‌లో కొంత భాగాన్ని బ్యారెల్‌లోని చిన్న రంధ్రం గుండా మళ్లించి, ఆ బలంతో ఖాళీ గుల్లను బయటికి లాగుతారు. ఆ గ్యాస్‌ను ఎంత దూరం రానిస్తారన్న దగ్గరే తేడా. స్టోనర్ దాన్ని సన్నటి గొట్టంలో వెనక్కి పంపి బోల్ట్ క్యారియర్ లోపలే వ్యాకోచించనిచ్చాడు. ఇందులో పిస్టన్ లేదని చాలామంది అంటారు గానీ బోల్టే పిస్టన్, క్యారియరే సిలిండర్. బార్‌లో గ్యాస్ బ్యారెల్ కింది సిలిండర్ దగ్గరే ఆగిపోతుంది. అక్కడి పిస్టన్ కాస్త దూరం కదిలి వెనకున్న బరువైన దిమ్మను తంతుంది. దాని కడ్డీలు బోల్ట్‌ను వెనక్కి తీసుకెళ్తాయి.

గురి విషయంలో స్టోనర్‌దే పైచేయి. నెట్టే బలం బ్యారెల్ వరసలోనే ఉంటుంది, బ్యారెల్‌ను పట్టుకుని కదిలే బరువు తక్కువ. దూరపు జింకను కొట్టాలంటే ఈ తేడా లెక్కలోకి వస్తుంది. పొదల్లోంచి దూసుకొచ్చే అడవిపంది మీద రాదు.

శుభ్రం చేసేటప్పుడు రెండింటి స్వభావం బయటపడుతుంది. ఏఆర్‌కు వెనక పిన్ను నెడితే రైఫిల్ మడత విప్పుకుంటుంది, క్యారియర్ చేతిలోకి వస్తుంది. బోల్ట్ తోక మీద గట్టిపడిన మసి, దాని మూడు గ్యాస్ రింగులు కళ్లెదుటే ఉంటాయి. బార్‌లో మసి బోల్ట్ దగ్గరికి పెద్దగా రాదు, ముందు చెక్క విప్పి పిస్టన్ తుడిస్తే చాలు. కానీ బోల్ట్‌ను పూర్తిగా విప్పడం ఇంట్లో చేసే పని కాదు. వానలో తడిసిన రైఫిల్‌ను అలాగే బీరువాలో పెట్టేవాళ్ల బార్‌లో పిస్టన్ తుప్పుపట్టి బిగుసుకుపోతే ఆ తప్పు పద్ధతిది కాదు.

సైలెన్సర్ తగిలిస్తే మాత్రం స్టోనర్ పద్ధతి ఇబ్బంది పెడుతుంది. వెనక్కి తన్నిన గ్యాస్ కళ్లకు, ముక్కుకు తగులుతుంది. గ్యాస్‌ను తగ్గించుకునే బ్లాక్ పెట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. ఈ మసికి విసిగి ఏఆర్‌కు బయటి నుంచి పిస్టన్ అమర్చుకునేవాళ్లను నేను సమర్థించను. పైనుంచి తన్నే పిస్టన్ వల్ల క్యారియర్ వెనక భాగం కిందికి ఒరుగుతుంది. వరసలో తోయడానికి చేసిన యంత్రానికి పక్క తాపు పెట్టడమే అది.

చట్టం కూడా ఎంపికను నడిపిస్తుంది. జర్మనీలో వేటకు వాడే సెమీ ఆటోలో మొత్తం మూడు తూటాలకు మించి నింపకూడదు. ఏఆర్ పెద్ద మేగజీన్‌కు అక్కడ విలువ లేదు. మన దేశంలో వన్యప్రాణి చట్టం కింద వేట నిషిద్ధం కాబట్టి ఈ చర్చకే చోటు లేదు. టెక్సాస్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ల సంగతి వేరు. అక్కడ 2019 నుంచి భూయజమాని అనుమతి ఉంటే ప్రైవేటు భూమిలో అడవిపందుల వేటకు లైసెన్సు అక్కర్లేదు.

అడవిలో, వానలో, దగ్గర నుంచి పెద్ద జంతువును కొట్టేవాళ్లకు నా ఓటు బార్‌కే. బయలు నేలల్లో దూరం నుంచి కొడుతూ, ఇంటికి రాగానే రైఫిల్ విప్పి తుడిచే ఓపిక ఉన్నవాళ్లు స్టోనర్ పద్ధతినే తీసుకోండి. ఆ ఓపిక లేకపోతే దాని జోలికి వెళ్లకండి.