విలన్ దొరికాడు, ఫోను దొరకలేదు

ఉపాధ్యక్షుడంటే ఉత్సవ విగ్రహమే అనుకునేవాళ్ళని డిక్ చేనీ (2001–2009) కంగారు పెట్టాడు. ఆయన మీద ఆడమ్ మెకే తీసిన 'వైస్' (2018)లో క్రిస్టియన్ బేల్ నటన గొప్పదే. కానీ సినిమా చేనీని విలన్ చేసి ఊరుకుంది.

అసలు కిటుకు 2007లో వాషింగ్టన్ పోస్ట్‌లో బార్టన్ గెల్‌మన్, జో బెకర్ రాసిన వ్యాసాల్లో ఉంది. 2001 కరువులో ఆరెగాన్‌లోని క్లామత్ రైతులకి నీళ్ళు ఆపేశారు. చేనీ ఫోన్ చేసింది మంత్రికి కాదు, ఇంటీరియర్ శాఖలో హోదాలో 19వ స్థానంలో ఉన్న అధికారిణికి! మరుసటి ఏడు పొలాలకి నీళ్ళు పారాయి. 2002 సెప్టెంబరులో దిగువ నదిలో వేలకి వేల సాల్మన్ చేపలు చచ్చి తేలాయి. అప్పట్లో చేనీ పేరు బయటికి రాలేదు. (కృష్ణా కాలువ చివరి రైతుకి ఈ కథ చెబితే ఆశ్చర్యపోడు.)

'వైస్'లో యుద్ధాలున్నాయి, ఈ నది లేదు.