ఆ చేత్తో ఏం ఎత్తుతారు?

తుంటి విరిగితే ఏం చేయాలన్నది చాలావరకు తేలిపోయిన విషయం. దండచేయి ఎముక కింది కొస మోచేయి దగ్గర నుజ్జయితే మాత్రం ఇప్పటికీ ఎక్స్‌రే ముందు చాలాసేపు కూర్చుంటాను. వయసులో ఉన్నవాళ్లకు రెండు ప్లేట్లు వేసి ముక్కలు కూర్చడమే మేలు. డెబ్బై దాటిన గుల్ల ఎముకలో స్క్రూకి పట్టు దొరకదు. 65 దాటినవాళ్లలో ప్లేట్లనూ కృత్రిమ కీలునూ పోలుస్తూ కెనడాలో చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. ప్లేట్లు వేద్దామని తీసుకెళ్లినవాళ్లలో నాలుగో వంతు మందికి థియేటర్‌లోనే ఆ ఆలోచన మానుకుని కీలు మార్చాల్సి వచ్చింది. రెండేళ్ల తర్వాత చూసినా కీలు మార్చిన చేయే మెరుగ్గా పనిచేసింది.

సరే, ఏ కీలు? కూన్‌రాడ్–మోరీ లాంటి లింక్డ్ రకంలో పై కాడనూ కింది కాడనూ ఒక పిన్ను తలుపు బందులా కలుపుతుంది. కాకపోతే పక్కలకు కొన్ని డిగ్రీలు ఆడుతుంది. అసలు గొప్పతనమంతా ఆ ఆటలోనే ఉంది. ఏమాత్రం ఆడని పాత కీళ్లలో ప్రతి మెలికా నేరుగా సిమెంటు మీద పడేది, కొన్నేళ్లకే వదులయ్యేవి. లింక్డ్ కీలుకు లిగమెంట్లు తెగినా, ఎముక పక్క గుబ్బలు పోయినా ఫరవాలేదు. లోపలి ప్లాస్టిక్ బుష్షులు మాత్రం అరుగుతాయి.

రెండో రకం హెమీ, అంటే సగం కీలు. ఇందులో దండచేయి వైపు మాత్రమే లోహం పెడతాం. అరగడానికి ప్లాస్టిక్ ఉండదు. కానీ పక్క గుబ్బలు అతుక్కోవాలి, లిగమెంట్లు నిలవాలి, లోహానికి ఎదురుగా ఉన్న మృదులాస్థి ఆ రాపిడిని ఓర్చుకోవాలి. అరవైల్లో ఉండి ఇంకా చురుగ్గా పనిచేసేవాళ్లకు నా మొగ్గు ఇటువైపే. లాటిట్యూడ్ లాంటి బ్రాండ్లలో అయితే తర్వాత అవసరపడితే పూర్తి కీలుగా మార్చుకునే వీలూ ఉంది.

కంపెనీ క్యాటలాగు తెరిచేముందు నేను అడిగేది వేరు. "అమ్మా, ఇంట్లో నీళ్లు ఎవరు పడతారు?" అంటే, "నేనే బాబూ, ఇంకెవరున్నారు?" అంటుంది ఒకావిడ. లింక్డ్ కీలు వేశాక ఆ చేత్తో ఒక్కసారికి అయిదు కిలోలు, పదేపదే అయితే కిలో దాటకూడదు. అదీ కొన్నాళ్లు కాదు, బతికినంతకాలం. నీళ్లు నిండిన బిందె పది కిలోల పైమాటే. అన్నం కలుపుకోవడానికి, జడ వేసుకోవడానికి 30 నుంచి 130 డిగ్రీల దాకా మోచేయి వంగితే చాలు, ఏ కీలయినా దాదాపు అంత ఇస్తుంది. నొప్పి పోయి చేయి హాయిగా ఆడుతుంటే బరువు సంగతి ఎవరికి గుర్తుంటుంది?

అందుకే ఆపరేషన్‌కు ముందే కొడుకునో కోడలినో పక్కన కూర్చోబెట్టి మాట్లాడాలి. డిశ్చార్జి కాగితం మీద ఇంగ్లీషులో ఒక ముక్క గీకి వదిలేయకుండా, తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి: ఈ చేత్తో బిందె ఎత్తకూడదు, బియ్యం మూట ఎత్తకూడదు, మనవణ్ణి కూడా ఎత్తుకోకూడదు.