చుక్కా, కామా, చులకనా

ఇంగ్లీషులో ‘ఇట్స్’ అనే మాటని రెండు రకాలుగా రాస్తారు. ‘ఎస్’ ముందు చిన్న కొక్కెం తగిలిస్తే ‘అది ఫలానా’ అని చెప్పడం, తగిలించకపోతే ‘దాని’ అని అర్థం. ఆ కొక్కేనికే అపాస్ట్రఫీ అని పేరు. చెవికి మాత్రం రెండూ ఒకటే. ‘యువర్’ కథా ఇంచుమించు ఇంతే. ‘మీ ఇల్లు’ అనడానికి ఒక యువర్, ‘మీరు మంచివారు’ అనడానికి కొక్కెం ఉన్న మరో యువర్. ఫోనులో గబగబా రాసుకునే కబుర్లలో ఇవి తారుమారవుతూనే ఉంటాయి. ‘షుడ్ హావ్’ అని రాయాల్సినచోట ‘షుడ్ ఆఫ్’ అని రాసేవాళ్ళకీ కరువు లేదు.

తమాషా ఏమిటంటే, ఇవి ముఖ్యంగా ఉగ్గుపాలతో ఇంగ్లీషు నేర్చినవాళ్ళ తప్పులు! వాళ్ళు చెవితో నేర్చుకున్నారు, విన్నట్టే రాసేస్తారు. మనం పుస్తకం చూసి నేర్చుకున్నాం కనుక మన తప్పుల దారి వేరు. ‘గురించి చర్చించడం’ మనకి అలవాటు కాబట్టి ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ చేరుస్తాం. ‘తిరిగి ఇచ్చెయ్యి’ అంటాం కాబట్టి ‘రిటర్న్ బ్యాక్’ అంటాం. తెలివితక్కువై చేసే తప్పులు కావండీ ఇవి, అమ్మభాష చెయ్యి పట్టుకుని రాయించేవి.

ఇలాంటి తప్పుల మీద కత్తి దూసిన పుస్తకం ఒకటుంది. ఇంగ్లండు రచయిత్రి లిన్ ట్రస్ 2003లో రాసిన ‘ఈట్స్, షూట్స్ అండ్ లీవ్స్’. పేరులోనే చమత్కారం ఉంది. కామా లేకపోతే పాండా చిగుళ్ళూ ఆకులూ తింటుంది. కామా పెడితే తిని, తుపాకీ పేల్చి, చక్కా పోతుంది! హాయిగా నవ్విస్తూ కామా విలువ చెప్పిన పుస్తకం, సందేహం లేదు. కానీ కోపమే కాస్త శృతి మించింది. ‘ఇట్స్’ తప్పు రాసేవాళ్ళ మీద పిడుగు పడాలట, వాళ్ళకి ఊరూ పేరూ లేని సమాధి కట్టాలట! హాస్యానికే అన్నా, ఆ మాటలో చులకన దాగదు. అంతలోనే 2004లో ‘న్యూయార్కర్’ పత్రికలో లూయీ మెనాండ్ ఆ పుస్తకాన్ని సమీక్షిస్తూ, మొదటి తప్పు అంకితం పేజీలోనే ఉందని చూపించాడు. అక్కడ పడాల్సిన కామా పడలేదు. ఎవరి చీపురు వాళ్ళ వాకిట్లోనూ ఆడాలి మరి!

అంత గొప్ప నవలలు రాసిన జేన్ ఆస్టెన్ 1790లో, పధ్నాలుగేళ్ళ వయసులో, తన చిన్న రచనకి ‘లవ్ అండ్ ఫ్రెండ్‌షిప్’ అని పేరు పెట్టింది. ‘ఫ్రెండ్’లో ముందు రావాల్సిన ‘ఐ’ని ‘ఇ’ వెనక్కి నెట్టింది. ఆ కథ ఈనాటికీ అదే తప్పుతో అచ్చవుతోంది, చదివినవాళ్ళు నవ్వుకుంటూనే ఉన్నారు. నవ్వేది కథకి, స్పెల్లింగుకి కాదు.

అయితే తప్పులన్నీ చిన్నవేనా? కాదు. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు ఓవర్‌టైము చట్టంలో ఒక్క కామా లేక అర్థం రెండుగా చీలింది. పాల వ్యాన్లు నడిపే డ్రైవర్లు కోర్టుకెక్కారు. 2017లో అప్పీలు కోర్టు వాళ్ళవైపే మొగ్గింది. 2018లో యాభై లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. కనుక అద్దె కాగితమో, వీలునామానో, ఉద్యోగపు దరఖాస్తో అయితే పదిసార్లు చూసుకోవాలి, తెలిసినవాళ్ళకి చూపించుకోవాలి.

కానీ దూరాన ఉన్న కొడుక్కి తల్లి నాలుగు ముక్కలు ఇంగ్లీషులో రాస్తే, అందులో ఆశీర్వాదం వదిలేసి అపాస్ట్రఫీ వెతికితే ఏమవుతుంది? ఆవిడ రెండోసారి రాయదు. బొటనవేలు ఎత్తిన బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటుంది. పోగొట్టుకున్నది ఎవరంటారు? పైగా అలా నవ్విన అబ్బాయే తెలుగులో ‘విద్యార్థి’ని ‘విద్యార్ధి’ అని రాస్తే ఇంట్లో ఒక్కరూ నవ్వరు. మన భాషలో పోయిన ఒత్తుకి లేని సిగ్గు, పరాయి భాషలో పోయిన కొక్కేనికి ఎందుకో!

దిద్దాల్సి వస్తే దిద్దండి. ముందు చెప్పిన మాటకి జవాబు రాసి, ఆ తర్వాత దిద్దండి.